నీ దుంప తెగ, నీకెన్ని పేర్లు!

ప్రియమైన కర్రపెండలమా,

తిట్టాననుకోకు, దుంపవి కాబట్టి నీకది దీవెన కిందే లెక్క.

నీ సొంత దేశం బ్రెజిల్‌లో నిన్ను తినాలంటే ముందు నాది ఏ ప్రాంతమో తేల్చుకోవాలట. ఈశాన్య బ్రెజిల్‌లోని రెసీఫేలో పోర్చుగీసు నేర్చుకున్న పాపానికి, సావో పాలోలో ఒక చిన్న బార్‌లో కూర్చుని "వేయించిన మకషేరా ఒక ప్లేటు" అన్నాను. పక్క టేబుల్ వాళ్లు తల తిప్పి చూశారు, ఒకాయన "ఈశాన్యం నుంచా?" అని నవ్వాడు (మన వాస్తులో ఈశాన్యం దేవుడి మూల, అక్కడ మాత్రం కూలిపనికి వలసొచ్చేవాళ్ల మూల). సర్వర్ ప్లేటు పెడుతూ గొంతు తగ్గించి, "ఇక్కడ మండియోకా అనాలన్నా, నాదీ సియరానే, నేనూ మార్చుకున్నా" అన్నాడు. రియోకి పోతే మళ్లీ ఐపీం. అదే నువ్వు, అదే నూనె, అదే ఉప్పు!

ఇక ఉత్తరాన పారా రాష్ట్రం దాకా వెళ్తే ఇంకో తంటా. అక్కడ మండియోకా అంటే సైనైడ్ ఉండే చేదు రకం, నానబెట్టి, గట్టిగా పిండి రసం తీసేసి, వేయించి పొడి చేసుకునేది. ఉడకబెట్టుకుని తినేది మకషేరా. అంటే సావో పాలో పెద్దమనిషి అక్కడికెళ్లి తన 'సరైన' పోర్చుగీసులో దర్జాగా ఆర్డరిచ్చేది విషం.

అసలు ఆ మూడు పేర్లలో ఒక్కటి పోర్చుగీసైతే ఒట్టు. మూడూ తూపీ అనే అక్కడి ఆదివాసుల భాష మాటలే. ఆ తూపీలోంచి పుట్టిన లింగువా జెరాల్ అనే వాడుక భాష జనం నోళ్లలో ఆడుతుంటే, 1757లో పోర్చుగల్ మంత్రి పోంబల్ హయాంలో అది కట్టిపెట్టి పోర్చుగీసే నేర్పాలని హుకుం జారీ చేశారు. భాషను గెంటేసినవాళ్లు నిన్ను మాత్రం వంటింట్లోనే ఉంచుకున్నారు, ఎంతైనా కడుపు కడుపే కదా. 1823 రాజ్యాంగ ముసాయిదాలోనైతే ఓటు వేయడానికి ఎంత ఆదాయం ఉండాలో కూడా నీ పిండితోనే కొలిచారు! (చక్రవర్తి ఆ ముసాయిదా రాసిన సభనే రద్దు చేశాడు, అది వేరే కథ.)

తూపీ పేర్లు పట్టుకుని "మాదే అసలు మాట" అని కొట్టుకునేవాళ్లని చూసి నీకు నవ్వు రాదా? మా సామర్లకోట వైపు నిన్ను సగ్గుబియ్యం చేసి పాయసంలో వేస్తారు, దక్షిణ బ్రెజిల్‌లో అదే సగ్గుబియ్యాన్ని రెడ్ వైన్‌లో ఉడికిస్తారు, అక్కడ నీ పేరు సగూ. ఇది నాలుగోది.

శనివారం మళ్లీ అదే బార్‌కి వెళ్తున్నా. మెనూలో నీ ఫోటో ఉంది, వేలు పెట్టి చూపిస్తాలే.

ఇట్లు,
నీ పేర్ల గొడవలో ప్లేటు చల్లారబెట్టుకున్న తెలుగువాడు