మైకు ఆపిన తరువాత కళాకారుల భోజనం

గత సంచిక మధ్య పేజీల్లో మన సంఘం డిసెంబరులో విజయవాడలో జరిపిన సాంస్కృతిక సాయంత్రం ఫొటోలు చక్కగా వచ్చాయి. జ్యోతి ప్రజ్వలన ఉంది, శాలువాలు ఉన్నాయి, ప్రాంతీయ ఉపాధ్యక్షులు ఒక్కొక్కరూ కనీసం రెండేసి సార్లు కనిపించారు. ఆ రాత్రి పాడినవారూ వాయించినవారూ ఏం తిన్నారన్నది మాత్రం ఆ పేజీల్లో లేదు. వారు తిన్నది మన హాలులో కాదు.

తొమ్మిదిన్నరకు ముగియవలసిన కార్యక్రమం సన్మానాలు సాగడం వల్ల పదకొండు దాటింది. ప్రతినిధులూ అతిథులూ మధ్యలోనే లేచి వెళ్లి భోజనాలు కానిచ్చారు. కళాకారులు వైర్లు చుట్టి, కీబోర్డునూ రిథమ్ ప్యాడ్లనూ పెట్టెల్లో సర్దుకుని కిందికి దిగేసరికి క్యాటరింగ్ కుర్రాళ్లు గిన్నెలు కడుగుతున్నారు. అడుగున కాస్త పెరుగన్నం మిగిలింది. భోజనం కూపన్లు చేతిలో పట్టుకుని నిలబడిన వారితో మన కార్యకర్త ఒకరు, "బయట ఏదైనా తినేయండి, బిల్లు పంపండి, ఇచ్చేస్తాం" అన్నారు. ఎంతో మర్యాదగానే అన్నారు. ఇడ్లీ బండి వాళ్లు బిల్లు పుస్తకం పెట్టుకుంటారని ఆయన ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వారి వెంట నేనూ వెళ్లాను. పేరున్న హోటళ్లు ఆ వేళకు కట్టేస్తాయి కాబట్టి, బెజవాడలో అర్ధరాత్రి ఆకలికి రైళ్లూ బస్సులే దిక్కు. రాత్రంతా రైళ్లు ఆగే జంక్షను కనుక స్టేషను ఎదుటా, నెహ్రూ బస్టాండు పరిసరాల్లోనూ ప్రయాణికుల కోసం పొయ్యిలు వెలుగుతూనే ఉంటాయి. ఆర్కెస్ట్రాల వాళ్లూ, పద్యనాటకాల హార్మోనిస్టులూ, పెళ్లి మేళాల వాళ్లూ చివరికి చేరేది అక్కడికే. గుంటూరులోనూ పరిస్థితి ఇంతే. మేము ఆగిన ఇడ్లీ బండి ఆయన, వాయిద్యాల పెట్టెలను చూడగానే వచ్చినవారెవరో గుర్తుపట్టాడు, అడగకుండానే రెండు ప్లాస్టిక్ స్టూళ్లు లాగి కీబోర్డును వాటి మీద పెట్టించాడు, తడి నేల మీద ఆనించనివ్వలేదు. డోలక్ వాయించే కుర్రవాడి వేళ్లకు చుట్టిన తెల్ల టేపు చెమటకు నల్లబడి అంచుల దగ్గర ఊడివస్తున్నది; పొగలు కక్కే ఇడ్లీని ఆ వేళ్లతో తుంచలేక అతడు చెంచా అడిగి తీసుకున్నాడు. పాడిన అమ్మాయి చల్లనీళ్లు వద్దని వేడినీళ్లు పోయించుకుని, కారప్పొడి జోలికి పోకుండా, నెయ్యి వేయించుకుని నాలుగు ఇడ్లీలు తిన్నది. మధ్యాహ్నం సౌండ్ చెక్‌కు వచ్చినప్పటి నుంచి తిన్నవి రెండు బిస్కెట్లేనని తానే చెప్పింది, ఫిర్యాదుగా కాదు, మామూలు సంగతిలాగా.

కార్యక్రమానికి ముందే పెట్టేస్తే సరిపోతుంది కదా అని కార్యవర్గ మిత్రులు ఒకరు నాతో వాదించారు. కడుపు నిండా తిన్నవాడు నిండైన ఊపిరితో పాడలేడు, నాదస్వరం వాయించేవారికైతే అది మరీ కష్టం. అందుకే వీరు ముందు ఎంగిలిపడి ఊరుకుని, అసలు భోజనం తరువాతికి ఉంచుకుంటారు. ఆరుబయట వేదికలకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మామూలుగా రాత్రి 10 గంటలకే మైకు ఆపాలి; ఆ తరువాత సామాను విప్పి వ్యానుకు ఎక్కించేసరికి మరో గంటన్నర పడుతుంది. ఏ విధంగా లెక్క వేసినా వారి భోజనవేళ అర్ధరాత్రే.

మన ఊళ్లలో ఈ సంగతి తెలియనివారు లేరు. శ్రీరామనవమి పందిట్లో కచేరీ పెట్టించిన గృహస్థు విద్వాంసుడి విస్తరి ముందు నిలబడి, ఆయన తిన్నాకే తాను తినేవాడు. అందరికీ ఆ మర్యాద దక్కలేదన్నదీ నిజమే. సన్నాయి మేళం వారిని పెరట్లో, ఆఖరి బంతిలో కూర్చోబెట్టిన పెళ్లిళ్లు నా చిన్నతనంలోనూ ఉన్నాయి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా అప్పటి గుంటూరు జిల్లా కరవదిలో పుట్టినవాడు. అంతటి నాదస్వరాన్ని కన్న నేల వాయిద్యగాళ్లను పెరట్లో కూర్చోబెట్టింది. అది తప్పే, వెనకేసుకురాను. అయినా ఆ ఆఖరి బంతిలో కూడా అన్నం వేడిగా ఉండేదనీ, ఇంటి పెద్దావిడ వచ్చి నెయ్యి పడిందా లేదా అని చూసేదనీ చెప్పకుండా ఉండలేను.

మన కార్యకర్తలు పొద్దుటి నుంచి నిలువుకాళ్ల మీద ఉన్నారు, హాలు అద్దె గంటల లెక్కన పెరుగుతుంది, క్యాటరింగ్ వారికీ ఇళ్లున్నాయి, కళాకారులకు పారితోషికం పూర్తిగా ముట్టింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ అతిథుల కోసం రెండో విడత మిఠాయి తెప్పించగలిగినవాళ్లం పదిహేను మంది అన్నాన్ని హాట్‌ప్యాకుల్లో తీసి పక్కన పెట్టలేకపోయాం. డబ్బు లేక కాదు, ఆ పని ఫలానావారిదని ఎవరికీ అప్పగించలేదు.

వచ్చే డిసెంబరు కార్యక్రమానికి ఒప్పంద పత్రం ఇంకా సిద్ధం కాలేదని కార్యదర్శి గారు చెప్పారు. పాత పత్రంలో రానుపోను చార్జీలు, బస, సౌండ్, చివరికి శాలువా రకం కూడా ఉన్నాయి. కార్యక్రమం ముగిశాక కళాకారులందరికీ వేడి భోజనం, దగ్గరుండి వడ్డించడానికి కార్యవర్గం నుంచి ఇద్దరు అన్న వాక్యాన్ని దయచేసి అందులో చేర్చండి. ఆ ఇద్దరిలో ఒకరిగా నా పేరు రాసుకోవచ్చు. రెండో పేరు కోసం ఈ నెల సమావేశంలో అడుగుతాను.