పాలు 402కి, నోటీసు సెల్లార్‌కి

మాది నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. దానికో సంక్షేమ సంఘం, ఆ సంఘానికి నేను జాయింట్ సెక్రటరీని. ఈ మధ్య మా సెల్లార్‌లో జరిగిన వ్యవహారం మీద లేనిపోని మాటలు పుడుతున్నాయి కాబట్టి, సంఘం తరఫున అసలు సంగతి చెప్పడం నా బాధ్యత.

లచ్చి వీధికుక్క. పేరు మేం పెట్టింది కాదు, వాచ్‌మెన్ భార్య పెట్టుకుంది. ఓ శుక్రవారం జనరేటర్ వెనక, గోనెసంచి మీద పరిచిన పాత చీరలో ఐదు పిల్లల్ని పెట్టింది. ఎవరినీ అడగలేదు. అద్దెకొచ్చే బ్యాచిలర్ దగ్గర ఆధార్ జిరాక్సు, ఊళ్లో నాన్నగారి నంబరు తీసుకుంటే గానీ తాళం ఇవ్వని సంఘం మాది. ఆరుగురు ఒకేసారి దిగిపోతే ఊరుకుంటామా? ఆదివారం మీటింగులో, సమోసాలు చల్లారకముందే, లచ్చిని ఖాళీ చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతిపాదించినవారు 402 మేడమ్. బలపరిచింది నేను.

ఆ సాయంత్రమే మేడమ్ గారి పగ్, కుకీకి సిజేరియన్ అయింది. పగ్ జాతికి ఇది మామూలే. పిల్లల తలలు పెద్దవి, దారి ఇరుకు, అచ్చం మా నిజాంపేట రోడ్డే. మూడు పిల్లలు పుట్టాయి. కుకీకి మత్తు పూర్తిగా దిగలేదు, పాలు పడలేదు. పిల్లలు దగ్గరికి జరిగితే గుర్రుమంటోంది.

పిల్లలు కుయ్యిమంటుంటే 402 సార్ ప్యాకెట్ పాలు వెచ్చబెట్టి, ఒకదాన్ని పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుని ఫిల్లర్ అందుకున్నారు. వీడియో కాల్లో చూస్తున్న డాక్టర్ గారు ఒక్క కేక వేశారు. అలా తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట, కుక్కపిల్ల బోర్లా ఉండే తాగాలట. పైగా కుక్కపాలలో ఉండే కొవ్వులో ఆవుపాలకు సగం కూడా ఉండదు, లాక్టోజ్ మాత్రం ఎక్కువ, విరేచనాలు పట్టుకుంటాయి. పొడిపాలు దొరుకుతాయి గానీ రెండు మూడు గంటలకోసారి, రాత్రంతా కలిపి పట్టాలి. అన్నిటికంటే ముర్రుపాలు ముఖ్యం. అందులోని రక్షణ పిల్ల ఒంటికి పట్టేది పుట్టిన 24 గంటల్లోపే.

"దగ్గర్లో ఈ రెండు మూడు రోజుల్లో ఈనిన కుక్క ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగారు డాక్టర్ గారు.

మేడమ్ నా వైపు చూశారు. నేను తీర్మానాల పుస్తకం వీపు వెనక పెట్టుకున్నాను.

అరగంటలో డాక్టర్ గారే వచ్చారు. లచ్చికి జ్వరం, గజ్జి లేవని, చన్నుల్లో వాపు లేదని చూశారు. మేడమ్ బకెట్‌లో డెట్టాల్ కలుపుతుంటే ఆపారు. "వేన్నీళ్ల గుడ్డతో తుడిస్తే చాలు. దాని వాసన పోగొడితే పిల్లలకు దారి తెలియదు. మార్చాల్సింది దాని వాసన కాదమ్మా, మీ పిల్లల వాసన."

సంఘ చరిత్రలో ఇలాంటి ఘట్టం ఇంకోటి లేదు. లచ్చిని గేటు దాకా తీసుకెళ్లి అన్నం పెట్టించారు. ఈలోగా ఒక్కోటి నలభై వేలు పలికే మూడు పగ్ పిల్లల్ని, లచ్చి పిల్లలు పడుకున్న ఆ పాత చీరతో డాక్టర్ గారు మెల్లగా రుద్దారు. మా అపార్ట్‌మెంటులో ఎవరైనా ఉండాలంటే సెల్లార్ వాసన రాకూడదన్నది రాయని నియమం. ఆ రాత్రి సెల్లార్ వాసన వస్తేనే అడ్మిషన్.

రుద్దిన పిల్లల్ని లచ్చి పిల్లల మధ్యలో కలిపేశారు. లచ్చి వచ్చింది. ఆగింది. లెక్క తప్పిందని తెలిసిందో లేదో గానీ ఒక పగ్ పిల్లని ముక్కుతో పొర్లించింది. మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఏమనదమ్మా, జర ఆగుండ్రి," అన్నాడు వాచ్‌మెన్. లచ్చి నాలుక చాపి పిల్ల తోక కింద నాకింది. పిల్ల ఉచ్చ పోసింది. తల్లి నాకితే గానీ ఆ వయసు పిల్లకి అదీ రాదట. తర్వాత లచ్చి పక్కకి ఒరిగి పడుకుంది. ఎన్‌వోసీ అడగలేదు, పెడిగ్రీ సర్టిఫికెట్ అడగలేదు. రికార్డుల నిర్వహణలో ఆమె నిర్లక్ష్యాన్ని నేను అప్పుడే నోట్ చేసుకున్నాను.

పది చన్నులు, ఎనిమిది పిల్లలు. పార్కింగ్ స్లాట్ల కోసం తలలు పగిలే ఊళ్లో ఇది అపురూపమైన నిష్పత్తి. అయినా వెనక చన్నుల్లో పాలు ఎక్కువని విని, అవి తమ పిల్లలకే కేటాయించాలని మేడమ్ లిఖితపూర్వకంగా కోరారు. పిల్లికూనల్లా కాదు, కుక్కపిల్లలు సొంత చన్నంటూ పెట్టుకోవు, ఏది దొరికితే అది. కేటాయింపు అమలు కాలేదు.

మూడో రోజు వాన నీళ్లు సెల్లార్‌లోకి వచ్చాయి. అప్పుడు లచ్చిని, ఎనిమిదిమందిని 402 యుటిలిటీలోకి తరలించాం. లిఫ్టులో తాత్కాలిక ప్రవేశం మంజూరు చేశాం. పాలిచ్చే తల్లికి మామూలుకంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి, ఒంట్లో కాల్షియం పడిపోతే వణుకు, ఫిట్స్ వస్తాయి అన్నారు డాక్టర్ గారు. దాంతో లచ్చికి గుడ్లు, చికెన్. ఓట్స్ తూచుకునే త్రాసు మీద మేడమ్ రోజూ పగ్ పిల్లల్ని తూచారు. 180 గ్రాములది పదో రోజుకి 370 అయింది. మిగతా ఐదింటిని ఎవరూ తూచలేదు. పన్నెండో రోజు కళ్లు తెరిచినప్పుడు తీసిన ఫోటోలు గ్రూపులో వచ్చాయి, లచ్చి పొట్ట వరకు కత్తిరించి. పాలిచ్చే గొడ్డు తన్నినా పడాలంటారు. లచ్చి తన్నకపోవడంతో మాకు పడే అవకాశం కూడా రాలేదు.

నాలుగో వారంలో పగ్ పిల్లలు మెత్తటి తిండికి అలవాటు పడ్డాయి. లచ్చి ఔట్‌సోర్సింగ్ ఒప్పందం ముగిసింది, లిఫ్టు ప్రవేశం రద్దయింది, పాత తీర్మానం మళ్లీ అమల్లోకి వచ్చింది. కాకపోతే 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కల్ని మరో చోట వదలకూడదట, ఆపరేషన్ చేయించినా తెచ్చి అక్కడే వదలాలట, పైగా తిండి పెట్టే ఏర్పాటు చూడాల్సింది సంఘమేనట. ఈ సంగతి 105లో ఉండే లా స్టూడెంట్ చెప్పాడు. అతని అద్దె ఒప్పందం ఎప్పటితో ముగుస్తుందో చూస్తున్నాం.

ఎనిమిది వారాలు నిండాక పగ్ పిల్లలు జూబ్లీహిల్స్‌కి వెళ్లాయి. కాగితాల్లో తల్లి: కుకీ. వెళ్లే రోజు మేడమ్ ఒకదాన్ని చంకలో పెట్టుకుని సెల్లార్‌లో కారు దగ్గరికి వస్తుంటే, జనరేటర్ వెనక నుంచి లచ్చి లేచి వచ్చి, మెడ చాపి, దాని తోక కింద ఒకసారి నాకింది. మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వెట్ వైప్ తీసి తుడిచారు. తుడిచిన వైప్ సెల్లార్‌లోనే పడేశారు. దాని జరిమానా ఎవరి పేరున రాయాలన్నది వచ్చే ఆదివారం మీటింగులో మొదటి అంశం.