తేలని ఫలితానికీ చోటుండాలి

అగ్నిపర్వతాల మీద ప్రాజెక్టు తెచ్చిన ఏడో తరగతి కుర్రాణ్ని టీచర్ అడిగారు: 'లోపల పీడనం పెరిగి లావా పైకి తన్నుకొస్తుంది అని రాశావు కదా, ఆ పీడనం ఎందుకు పెరుగుతుంది?' వాడు కాసేపు కాగితం వంక, కాసేపు టీచర్ వంక చూసి, 'అది నాకు తెలీదు టీచర్. కానీ కరెక్టే' అన్నాడు. అబద్ధమాడలేదు, బెదరనూ లేదు. ప్రాజెక్టు అంటే కరెక్టు వాక్యాలు పోగుచేసి తేవడమేనని పెద్దవాళ్లందరూ కలిసి వాడికి నేర్పారు. వాడు శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఈ సంగతి మాకు చెప్పిన ఉపాధ్యాయురాలు చాలా ఏళ్లుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్స్ చెబుతున్నారు. ఆ ఏడాది ఆమె చేతికొచ్చిన ప్రాజెక్టుల్లో ఆరింటిలో ఒకే పేరా కనిపించింది. అందులోని అచ్చుతప్పు కూడా ఆరింటిలోనూ ఒక్కటే. మొదట పిల్లల మీద కోపం వచ్చిందట. రెండు రోజులు ఆలోచించాక తప్పు తన దగ్గరే ఉందని అర్థమైందన్నారు. 'నేనిచ్చింది అగ్నిపర్వతాలు అన్న ఒక్క మాట. ఆ మాట కింద ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన వ్యాసం తయారుగా ఉంది. దాన్ని మోసుకురావడం తప్ప పన్నెండేళ్ల పిల్లలు ఏం చేయగలరు?' ఆమె అనుభవాలను విన్నాక, మిడిల్ స్కూల్లో ప్రాజెక్టులు నడుస్తున్న తీరు మారి తీరాలన్న మా అభిప్రాయం మరింత గట్టిపడింది.

అప్పటినుంచి ఆమె అంశాల జాబితా ఇవ్వడం మానేశారు. ఎవరి ప్రశ్న వాళ్లే తెచ్చుకోవాలి. వచ్చే ప్రశ్నల్లో సగం ఆకాశమంత, సగం ఆవగింజంత ఉంటాయట. 'విశ్వం ఎలా పుట్టింది?' అని ఒకరంటే, 'శనిగ్రహానికి చందమామలు ఎన్ని?' అని మరొకరు. మొదటిది బడి గదిలో తేలేది కాదు. రెండోది ఒక్కసారి వెతికితే అయిపోతుంది. వాటిని చేయదగ్గ ప్రశ్నలుగా చెక్కడానికే మూడు నాలుగు పీరియడ్లు పడతాయి. ఆ పీరియడ్లు వృథా అని తోటి ఉపాధ్యాయులు అనేవారట. మా దృష్టిలో అసలు చదువంతా ఆ పీరియడ్లలోనే ఉంది.

ఆవగింజంత ప్రశ్నలన్నీ తీసిపారేసేవి కావని కూడా ఆమెకు ఒక అమ్మాయి చూపించింది. శనిగ్రహపు చందమామల లెక్క అడిగిన అమ్మాయే. లైబ్రరీలో ఒక పాత పుస్తకం తీస్తే 18 అని ఉంది. ఇంకోదాంట్లో 62. మరోదాంట్లో 82. ఇంటర్నెట్‌లో 274. 'టీచర్, పుస్తకాలన్నీ తప్పు' అంటూ వచ్చింది. ఏది సరైనదో చెప్పేస్తే నిమిషంలో పనయిపోయేది. టీచర్ ఆ మాట చెప్పలేదు. పుస్తకాల మొదటి పేజీలు తిప్పి, అవి ఏ సంవత్సరంలో అచ్చయ్యాయో రాసుకురమ్మన్నారు.

ఆ సంవత్సరాలను వరుసలో పెట్టగానే చిక్కుముడి విడిపోయింది. వాయేజర్ వ్యోమనౌక అంతకుముందెప్పుడో తీసిన పాత చిత్రాల్లో 1990లో పాన్ అనే చందమామ బయటపడటంతో లెక్క 18కి చేరింది. 2019 అక్టోబరులో ఒకేసారి 20 కొత్తవి ప్రకటించడంతో 82 అయింది. 2025 మార్చిలో మరో 128 చేరి 274 అయింది. అవి కొత్తగా పుట్టినవేమీ కావు. చివర చేరినవాటిలో చాలా మటుకు కొద్ది కిలోమీటర్ల వెడల్పుండే చిన్న రాతిగుండ్లు. ఆకాశంలో ఒకే చోటును గంటల తరబడి ఫొటోలు తీసి, ఆ రాయి కదిలే వేగాన్ని బట్టి ఒక్కో ఫొటోను కాస్త జరుపుతూ ఒకదాని మీద ఒకటి పేరిస్తే తప్ప కంటికి ఆననంత మసక వెలుగు వాటిది. ఆ అమ్మాయి తన నివేదికలో రాసిన వాక్యాన్ని టీచర్ మాకు చదివి వినిపించారు: 'పుస్తకం తప్పు కాదు. దాని వయసు చూసుకోవాలి.' ఈ వాక్యం ఆ అమ్మాయికి ఎక్కడా దొరికింది కాదు, తానుగా రాసుకున్నది.

సమాచారాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెబుతున్నారో చూసే అలవాటు ఈ వయసులో పడకపోతే ఆ తర్వాత పట్టుబడటం కష్టం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వెల్లడించిన అధ్యయనంలో, 'స్పాన్సర్డ్ కంటెంట్' అని పైన రాసి ఉన్న ప్రకటనను కూడా 80 శాతానికి పైగా మిడిల్ స్కూల్ పిల్లలు వార్త అనే అనుకున్నారు. వార్తలు అచ్చువేసే మాకు ఈ సంగతి మరీ గుచ్చుకుంటుంది. మమ్మల్ని కూడా పిల్లలు అనుమానంతో చదవాలని, తేదీ చూసి, పేరు చూసి, ఇంకోచోట సరిపోల్చుకుని చదవాలని కోరుకుంటున్నాం.

ఆమె చెప్పిన అనుభవాల్లో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఒక కుండీల కథ. మొక్కలకు పాటలు వినిపిస్తే ఏపుగా పెరుగుతాయా అని ఒక అబ్బాయి రెండు కుండీలు పెట్టాడు. ఒకదాని పక్కన రోజూ పాటలు పెట్టాడు, రెండోదాన్ని నిశ్శబ్దంగా వదిలేశాడు. మూడు వారాలకు పాటలు విన్న మొక్క రెండోదాని కంటే బాగా ఎత్తు పెరిగింది. వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. టీచర్ ఒకే ప్రశ్న వేశారు: 'రెండింటికీ పాటలు పెట్టకపోయి ఉంటే రెండూ ఒకే ఎత్తు పెరిగేవంటావా?' పెరిగేవనే వాడు అన్నాడు. అయితే పెట్టి చూడమన్నారు. ఈసారి ఆరు కుండీలు, ఒకే మట్టి, ఒకే కిటికీ, వేటికీ పాటల్లేవు. ఒకటి జానెడు పెరిగింది, ఒకటి బెత్తెడు దగ్గరే ఆగిపోయింది, మిగతావి మధ్యలో తలా ఒక ఎత్తున ఉన్నాయి. వాడికి కన్నీళ్లొచ్చాయి. తన ప్రాజెక్టు పాడైపోయిందనుకున్నాడు.

పాడైపోలేదు. ఒకేలా పెంచినా జీవులు ఒకేలా పెరగవన్నది చిన్న విషయమా? రెండే రెండు మొక్కలను చూసి ఏదీ తేల్చలేమని, ఎక్కువ కుండీలు పెట్టి సగటు చూడాలని, ఏ కుండీ ఎటు వెళ్లాలో మన ఇష్టానికి కాకుండా చీటీలు తీసి నిర్ణయించాలని ఆ కన్నీళ్ల తర్వాత వాడికి చెప్పాల్సిన అవసరమే రాలేదట. వాడే అడిగాడట.

ఇంత చిన్న పిల్లలకు ఇంత కట్టుదిట్టమైన పద్ధతి ఎక్కడ పడుతుంది అనేవారికి ఎమిలీ రోజా ఉదంతం చాలు. చేతులు తాకించకుండానే రోగి శరీరం చుట్టూ ఉండే శక్తిని పసిగట్టగలమని చెప్పే చికిత్సకులను పరీక్షించాలని అమెరికాలో ఆ పిల్ల తొమ్మిదేళ్ల వయసులో నాలుగో తరగతి సైన్స్ ప్రాజెక్టుగా పెట్టుకుంది. సామగ్రి ఒక అట్టతెర, ఒక నాణెం, అంతే. చికిత్సకులు తెరలోంచి రెండు చేతులూ అవతలకు చాపుతారు. ఎమిలీ నాణెం ఎగరేసి, పడ్డ బొమ్మ బొరుసును బట్టి వాళ్ల కుడిచేతి మీదో ఎడమచేతి మీదో తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి దగ్గర ఉందో వాళ్లు చెప్పాలి. 21 మందితో జరిపిన 280 ప్రయత్నాల్లో 123 మాత్రమే సరిపోయాయి. అంటే 44 శాతం. కళ్లు మూసుకుని ఊహించినా సగం సరిపోవాలి కదా! 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ ఫలితం వచ్చేనాటికి ఆమెకు పదకొండేళ్లు. 2010లో బ్రిటన్‌లోని బ్లాకాటన్ ప్రాథమిక పాఠశాల పిల్లలు, ఎనిమిది నుంచి పదేళ్లవాళ్లు, తేనెటీగల కుటుంబానికే చెందిన బంబుల్‌బీలు రంగులను, వాటి అమరికను ఎలా గుర్తుపెట్టుకుంటాయో పరీక్షించి రాసిన పత్రం 'బయాలజీ లెటర్స్' అనే శాస్త్ర పత్రికలో అచ్చయింది. బొమ్మలు రంగు పెన్సిళ్లతో వేసినవే. ప్రతి బడి నుంచీ ఇలాంటివి రావాలని ఎవరూ అనరు. పిల్లల చేతికి సొంత ప్రశ్న, సరైన పెద్దల తోడు దొరికితే పద్ధతి వాళ్లకు బరువు కాదని మాత్రం వీటిని చూస్తే తెలుస్తుంది.

ఆ తోడు ఎప్పుడు కావాలన్నది కూడా ముఖ్యమే. మూడో వారంలో పిల్లలు వరుసగా వచ్చి 'టీచర్, నేను ప్రాజెక్టు మార్చుకుంటా' అంటారని ఆమె చెప్పారు. ఇది ఆమె తరగతికే పరిమితం కాదు. పిల్లలు సమాచారం వెతికే తీరును ఏళ్ల తరబడి పరిశీలించిన కారోల్ కుల్తౌ, ఈ పనిలో ఆరు దశలున్నాయని, అన్వేషణ దశ దగ్గర అయోమయం, సందేహం పెరగడం సహజమని చూపించారు. చదివేకొద్దీ తెలియనిది పెరుగుతుంది, ధైర్యం జారిపోతుంది. మన బడుల్లో సరిగ్గా ఆ సమయంలోనే పిల్లలు ఒంటరిగా ఉంటారు. ప్రాజెక్టు ఇచ్చిన రోజున, మళ్లీ తీసుకునే రోజున తప్ప దాని ఊసు ఎత్తేవారుండరు. మధ్యలో ఇంట్లోవాళ్లు దిగుతారు.

ఆపైన అది అమ్మానాన్నల ప్రాజెక్టు అవుతుంది. రాత్రి పదకొండింటికి అట్టలు కత్తిరించే తల్లిదండ్రులను తప్పుపట్టలేం, బిడ్డ వెనకబడుతుందన్న భయం వాళ్లది. చదువు, తీరిక, ప్రింటర్ ఉన్న ఇంటి పిల్లకు మంచి మార్కులు వస్తాయి. అవేవీ లేని ఇంటి పిల్ల తన చేతులతో తాను చేసినదానికి తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. ఇంతకంటే అన్యాయమైన మూల్యాంకనం మరొకటి లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక నివేదిక రాసిపెట్టే యంత్రం కూడా ఇంటింటికీ చేరింది. నున్నటి వాక్యాలకు మార్కులిచ్చే పద్ధతి ఇంకా పట్టుకుని వేలాడితే యంత్రానికి మార్కులిస్తున్నట్టే.

అందుకే పాఠశాలల యాజమాన్యాలనూ, విద్యాశాఖలనూ మేము కోరేది ఇది. మిడిల్ స్కూల్ ప్రాజెక్టు బడిలోనే, టైంటేబుల్‌లో రాసిన పీరియడ్లలోనే జరగాలి. ఏడాదికి నాలుగైదు కాదు, ఒక్కటి చాలు. ఐదారు వారాలు కొట్టివేతలతో సహా పిల్లలు రాసుకున్న నోటుబుక్కుకు, నిలబెట్టి అడిగితే చెప్పే నాలుగు మాటలకు సగానికి పైగా మార్కులుండాలి. నలభై యాభై మంది ఉన్న తరగతులు మూడు నాలుగు చూసుకునే ఉపాధ్యాయులకు ఇది అదనపు భారమన్న మాట నిజమే. ముగ్గురేసి పిల్లల జట్లు, లైబ్రేరియన్ సాయం, ఆ వారాల్లో ఇతర రికార్డుల పని నుంచి మినహాయింపు ఇస్తే ఆ భారం తగ్గుతుంది. ఉపాధ్యాయులకు సమయం ఇవ్వకుండా 'పరిశోధనా దృక్పథం' గురించి సర్క్యులర్లు పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రదర్శనల తీరు కూడా మారాలి. కుండీల అబ్బాయి చివరికి నాలుగు పేజీల నివేదిక ఇచ్చాడు. ఎత్తుల పట్టిక ఒకటి, స్కేలుతో గీసిన గ్రాఫు ఒకటి. చివరి పేజీలో 'ఫలితం' అన్న శీర్షిక కింద ఇలా రాశాడు: 'తేలలేదు. పాటల వల్లా, మొక్కల తేడా వల్లా అన్నది చెప్పలేను. ఈసారి పాటలకు పది, పాటలు లేకుండా పది పెట్టాలి.' టీచర్ ఆ తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు దానికే వేశారు. బడి ప్రదర్శనకు ఎంపిక చేసిన కమిటీ మాత్రం ఫలితం లేదన్న కారణంతో దాన్ని పక్కన పెట్టింది. ఈ ఏడాది ఆ అబ్బాయి ఎనిమిదో తరగతికి వచ్చాడు. ఇరవై కుండీలు పెట్టడానికి కిటికీ పక్కన చోటు కావాలని టీచర్‌ను అడుగుతున్నాడు. ఆ చోటు వాడికి దొరకాలి.