రెండో దశ రోగికి జవాబు కావాలి

పెద్దపేగు క్యాన్సర్‌కు సర్జరీ అయిపోయింది. కణితి పేగు కండర పొరను దాటింది, లింఫ్ గ్రంథుల్లోకి మాత్రం పాకలేదు. ఇది రెండో దశ. ఇప్పుడు కీమో తీసుకోవాలా, అక్కర్లేదా? వీరిలో చాలామందికి సర్జరీతోనే నయమవుతుంది. కొందరికి జబ్బు తిరగబెడుతుంది. ఆ కొందరు ఎవరన్నదే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

1932లో కథ్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు చేసిన వర్గీకరణ అయినా, కణితి, లింఫ్ గ్రంథులు, ఇతర అవయవాలకు పాకడం ఆధారంగా దశ చెప్పే నేటి టీఎన్ఎం పద్ధతి అయినా కణితి ఎంతవరకు పాకిందో చెబుతాయి. దాని స్వభావం చెప్పవు. అందుకే శాస్త్రవేత్తల చూపు ఎంజైమ్‌ల మీద పడింది. క్యాన్సర్ కణం చుట్టూ ఉన్న కణజాలాన్ని తెగ్గొట్టుకుని ముందుకు పోవాలంటే మెటలోప్రొటీనేజ్‌లు, కాథెప్సిన్‌లు కావాలి. డీఎన్ఏ తయారు చేసుకోవడానికి థైమిడిలేట్ సింథేజ్ కావాలి. ఇవి ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిస్తే రోగం ఎటు పోతుందో ముందే తెలుస్తుందన్నది ఆశ.

ఆశ సరైనదే, చిక్కంతా కొలతలో ఉంది. ఒక ల్యాబ్ ఎంజైమ్ పనిచేసే వేగాన్ని కొలుస్తుంది, ఇంకొకటి ప్రొటీన్ ఎంత ఉందో, మరొకటి ఆ ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్ఎన్ఏ ఎంత ఉందో చూస్తుంది. ఈ మూడూ ఒకటి కావు. మెటలోప్రొటీనేజ్‌లు కణం నుంచి ఎక్కువగా నిద్రాణంగానే బయటికొస్తాయి. కాబట్టి ఎంజైమ్ కనిపించినంత మాత్రాన పనిచేస్తోందని కాదు. కోసిన ముక్క ఎక్కువసేపు బయట ఉన్నా, ఫార్మలిన్‌ అనే నిల్వ ద్రావణంలో పడినా అసలు చురుకుదనం దెబ్బతింటుంది. పైగా ఎక్కువ, తక్కువల గీతను ఫలితాలు చూశాక గీస్తే ఏ ఎంజైమైనా గొప్పగానే కనిపిస్తుంది. రోగ గమనం అంచనాకు థైమిడిలేట్ సింథేజ్‌ను వాడేందుకు ఆధారాలు చాలవని అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2006లోనే చెప్పింది. ఇలాంటి అధ్యయనాలను ఎలా నివేదించాలో రిమార్క్ మార్గదర్శకాలు 2005లోనే వివరించాయి. వాటిని పాటించని పరిశోధనను నమ్మి ఎవరికీ కీమో ఆపకూడదు, మొదలుపెట్టకూడదు.

ఇప్పటికే రుజువైనవాటిని మాత్రం ఎందుకు వదిలేయాలి? డీఎన్ఏలో తప్పులు దిద్దే ప్రొటీన్లు లోపించిన రెండో దశ కణితి తిరగబెట్టే ముప్పు తక్కువ. వీరికి ఫ్లోరోయురాసిల్ అనే మందు ఒక్కటే ఇచ్చే కీమోతో పెద్దగా ఒరిగేదీ ఉండదు. ఆ ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసే పరీక్షకు ఫార్మలిన్‌లో ఉంచిన ముక్క చాలు. ఇక ఆ మందులో 80 శాతానికి పైగా విరగ్గొట్టేది డీపీడీ అనే ఎంజైమ్. అది లేనివారికి మామూలు డోసే ప్రాణం తీయగలదు. అందుకే చికిత్సకు ముందే ఆ లోపం ఉందేమో చూడాలని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2020లో సిఫార్సు చేసింది.

కొత్త గుర్తుల కోసం వెతుకులాట సాగాల్సిందే. అయితే కణితి ముక్క తీశాక ఎన్ని నిమిషాలకు ఫ్రీజ్ చేశారో ప్రతి ల్యాబూ రాయాలి, హద్దు గీతను ముందే ప్రకటించాలి. ఆలోగా, కీమో గురించి మాట్లాడే మొదటి రోజుకే రెండో దశ రోగి ఫైల్లో ఈ రెండు పరీక్షల రిపోర్టులు ఉండాలి.