బొందర్చుక్‌కి లక్షా ఇరవై వేల సైన్యం ఎవరిచ్చారండీ?

మళ్లీ వచ్చింది, సినిమా గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఆ మెసేజే. సారాంశం: టాల్‌స్టాయ్ నవల ‘యుద్ధం–శాంతి’ని సినిమాగా తీయడానికి దర్శకుడు సెర్గెయ్ బొందర్చుక్‌కి సోవియట్ సర్కారు 1,20,000 మంది సైనికుల్నీ 10 కోట్ల డాలర్లనూ ఇచ్చింది, ఆయన తీసింది ఆ ఒక్క సినిమానే, కమ్యూనిస్టు పార్టీ కార్డు ఉంది కాబట్టి అన్నీ ఒళ్లో వచ్చిపడ్డాయి, లేకపోతే మామూలు స్టేజీ నటుడు. కింద దణ్ణం ఎమోజీలు.

ఒక్క సినిమానా? రష్యన్ రచయిత షోలొహోవ్ కథతో 1959లో తీసిన మొదటి సినిమాకే మాస్కో చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. 1970లో ‘వాటర్లూ’ తీశాడు. చాలు.

డబ్బు సంగతి. లెక్కల్లో చూపింది సుమారు 83 లక్షల రూబుళ్లు, అప్పటి అధికారిక మారకంలో 92 లక్షల డాలర్లు. సైన్యానికైన ఖర్చంతా అందులోకి రాలేదు, నిజమే. అలాగని నోటికొచ్చిన సున్నాలు కలుపుకుంటూ పోతారా?

ఇక సైన్యం. అది అతిశయోక్తి, నా దగ్గరున్నది 12,000 మందేనని 1986లో బొందర్చుకే చెప్పాడు. 1812లో నెపోలియన్‌తో జరిగిన బొరోదినో యుద్ధంలో రష్యన్ సేనాని కుతూజోవ్ నడిపిన అసలు సైన్యమే ఇంచుమించు లక్షా ఇరవై వేలు! సినిమాకీ అంతమందిని దింపితే ఇంక షూటింగెందుకు, నెపోలియన్‌కి కబురుపెట్టి యుద్ధమే మళ్లీ పెట్టుకోవచ్చుగా.

నాకు ఒళ్లు మండేది పార్టీ కార్డు మాటకి. ఈ సినిమా ఆయన చేతికొచ్చింది 1961లో. ఆస్కార్ వచ్చింది 1969లో. పార్టీలో చేరింది 1970లో. లేని కార్డు తొమ్మిదేళ్ల ముందే ఎలా పనిచేసిందో ఫార్వర్డ్ చేసిన మేధావులే చెప్పాలి. సైన్యాన్నీ మ్యూజియం వస్తువుల్నీ సర్కారు ఇచ్చింది, కాదనను. కానీ కథానాయిక నటాషా మొదటిసారి వెళ్లే బాల్ (నాట్యాల విందు) సీను చూడండి. కెమెరామన్ కాళ్లకి రోలర్ స్కేట్లు కట్టుకుని నాట్యం చేసేవాళ్ల మధ్య తిరుగుతూ తీశాడు. అది ఏ మంత్రిత్వశాఖ జీవోతో వచ్చింది? 1964లో పని మధ్యలో ఆయన గుండె ఆగిపోతే డాక్టర్లు తిరిగి బతికించారు. లేచొచ్చి అటు దర్శకత్వం, ఇటు ముఖ్యపాత్ర పియెర్ వేషం, రెండూ పూర్తిచేశాడు. ఒళ్లో వచ్చిపడటమంటే ఇదేనేమో మరి!

ఆయనేం మచ్చలేని మనిషి కాదు. 1983లో కాన్ చిత్రోత్సవం జ్యూరీలో కూర్చుని తన సినిమా ‘నోస్తాల్గియా’కి బొందర్చుక్ అడ్డుపడ్డాడని తోటి దర్శకుడు తార్కోవ్‌స్కీ బాహాటంగానే ఆరోపించాడు. ఆ విషయంలో నేను బొందర్చుక్ తరఫున వాదించను. మెసేజ్‌లో అదొక్కటే రాసుంటే నోరు మూసుకుని ఊరుకునేవాణ్ణి.