ఎర్రజెండా చూసి ఆగినవాడికి ఎదురొచ్చిన కారు

బైక్ రేసులో ఎర్రజెండా ఊపారంటే అర్థం ఒక్కటే. పోటీ ఆగింది, వేగం తగ్గించు, ఇక్కడి నుంచి నీ భద్రత మేం చూసుకుంటాం. 2018 మే 30 సాయంత్రం బ్రిటన్, ఐర్లాండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) బైక్ రేసుల ప్రాక్టీసు జరుగుతుండగా ఆ మాట నమ్మి ఆగిన బ్రిటిష్ రేసర్ స్టీవ్ మెర్సర్ కాసేపటికే నిర్వాహకుల కారును ఎదురెదురుగా ఢీకొని తీవ్రంగా గాయపడ్డారు.

అంతకు కొద్దిసేపటి ముందు చర్చ్‌టౌన్ దగ్గర ఆ దీవికే చెందిన రేసర్ డాన్ నీన్ ప్రమాదానికి గురై చనిపోయారు. దాంతో ప్రాక్టీసు ఆపేశారు. దారిలో నిలిచిపోయిన కొందరు రేసర్లను వచ్చిన దారినే వెనక్కి వెళ్లమన్నారు, అంటే రేసు నడిచే దిశకు ఎదురుగా. అదే సమయంలో అధికారుల కారు ప్రమాద స్థలానికి బయల్దేరింది. ఒకటే రోడ్డు, రెండు వైపుల నుంచీ వాహనాలు. రెండింటినీ పంపించింది ఒకే వ్యవస్థ. నీన్ మరణం రేసు తెచ్చిన విషాదం. మెర్సర్ పడ్డ బాధ మాత్రం రేసు వల్ల వచ్చింది కాదు, అప్పటికి రేసే లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'రేసులన్నాక ప్రమాదాలు తప్పవు' అనేవారితో మేం ఏకీభవించలేం.

టీటీ గురించి తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. 1907లో మొదలైన ఈ పోటీలు 1911 నుంచి అక్కడి మౌంటెన్ కోర్సు మీద జరుగుతున్నాయి. అది మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. ఒక చుట్టు దాదాపు 60 కిలోమీటర్లు. ఇళ్ల ముందు నుంచి, రాతి గోడల పక్క నుంచి, కరెంటు స్తంభాల మధ్య నుంచి బైకులు దూసుకుపోతాయి. 2023లో పీటర్ హిక్‌మన్ నెలకొల్పిన రికార్డు ల్యాప్‌లో సగటు వేగం గంటకు 219 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 61 మీటర్లు. రేసర్లను ఒకరి తర్వాత ఒకరిని పది సెకన్ల తేడాతో వదులుతారు కాబట్టి చాలాసేపు ఒంటరిగానే పరుగు. మలుపు అవతల ఎవరు పడి ఉన్నారో, నూనె ఎక్కడ ఒలికిందో తనంతట తానుగా తెలుసుకునే వీలు లేదు. రోడ్డు పక్కన కాపు కాసే మార్షల్ చేతిలో ఊగే పసుపు జెండాయే, ముందు ప్రమాదం ఉందని చెప్పే జెండాయే, అతనికి కళ్లు.

ఆ మార్షల్స్ ఎవరు? వాళ్లు జీతగాళ్లు కారు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. మన ఊళ్లలో రథోత్సవం నాడు తాడు పట్టుకుని జనాన్ని ఆపే కుర్రాళ్లలాగే ఇష్టం కొద్దీ, ఊరి మీద అభిమానం కొద్దీ వస్తారు. కోర్సు పొడవునా దాదాపు 500 మంది ఉంటే తప్ప రేసు మొదలుపెట్టరు. వాళ్లు చాలక సెషన్లు ఆలస్యమైన రోజులూ ఉన్నాయి. రేసర్ పడిపోతే ఒకరు జెండాతో నిలబడి వెనక నుంచి వచ్చే బండ్లను కనిపెట్టుకుని ఉండాలి. మిగతావాళ్లు గాయపడినవాడి దగ్గరికి వెళ్లాలి. ఎవ్వరూ వచ్చే బండ్లకు వీపు పెట్టకూడదు. చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ, కళ్లెదుట మనిషి నెత్తుటి మడుగులో ఉన్నప్పుడు ఇవన్నీ గుర్తుండాలంటే ఎన్నిసార్లు సాధన చేసి ఉండాలి! 2005 సీనియర్ టీటీలో రోడ్డు దాటుతున్న ఒక మహిళా మార్షల్, ఆమెను ఢీకొన్న రేసర్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. అందుకే మార్షల్స్‌ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లకు సరైన శిక్షణ, సరిపడా మనుషులు, స్పష్టమైన ఆదేశాలు అందించాల్సిన వాళ్లను అడుగుతున్నాం.

కరోనా వల్ల రెండేళ్లు ఆగిన టీటీ 2022లో మళ్లీ మొదలైనప్పుడు బైకులకు జీపీఎస్, కోర్సు వెంట డిజిటల్ ఎర్రజెండాలు తెచ్చారు. మంచిదే. అయినా ఆ ఏడాది పోటీల్లో ఐదుగురు చనిపోయారు, వారిలో ఒకే సైడ్‌కార్ (ఇద్దరు కలిసి నడిపే మూడు చక్రాల రేసు బండి) మీద ఉన్న తండ్రీకొడుకులు కూడా ఉన్నారు. ఇంకో సైడ్‌కార్ ప్రమాదంలో జరిగిన పొరపాటు మనసును కలచివేస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన సెజార్ షనాల్, ఒలివియే లవొరెల్‌లలో చనిపోయింది లవొరెల్ అని నిర్వాహకులు ప్రకటించారు. నాలుగు రోజుల తర్వాత, 'కాదు, చనిపోయింది షనాల్' అన్నారు. ఒక ఇంట్లో బతికున్న మనిషి కోసం ఏడ్చారు. ఇంకో ఇంట్లో చనిపోయిన మనిషి కోలుకుంటాడని ఎదురుచూశారు. ఆసుపత్రిలో ఉన్న లవొరెల్ కూడా అక్టోబరులో కన్నుమూశారు. ఈ పొరపాటు ఎంత వేగంగా జరిగే రేసులోనైనా తప్పనిసరి కాదు. పేరు సరిచూసుకోవడానికి వేగంతో పనేముంది?

రేసర్లు తెలిసే వస్తారు కదా అంటారు. నిజమే, తెలిసే వస్తారు. మలుపులో టైరు జారవచ్చని, అంచనా తప్పవచ్చని తెలుసు. ఆ తెగువను మేం గౌరవిస్తాం, ఈ రేసులను నిషేధించమనీ అడగం. కానీ ఎర్రజెండా తర్వాత ఎదురుగా కారు వస్తుందని ఏ రేసరూ ఒప్పుకుని సంతకం పెట్టడు.

ఇదంతా ఎక్కడో దూరపు దీవి కథ అని మనం పక్కన పెట్టలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల రోడ్లను మూసి ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిపారు. అసలు పోటీకి ముందురోజు, అంటే 10వ తేదీన, ట్రాక్ మీదికి మామూలు వాహనాలు వచ్చేశాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బారికేడ్ దగ్గర ఎవరున్నారు, వాళ్లకు ఏం చెప్పి నిలబెట్టారు అన్న ప్రశ్నను మాత్రం మనం ట్రాఫిక్ జామ్‌ల మీద కోపంలో మర్చిపోయాం. మరుసటి ఏడాది రేసు రద్దయ్యాక ఒప్పందాలు, డబ్బు గురించే మాటలు నడిచాయి. భద్రత గురించి ఎవరూ మాట్లాడలేదు.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద 2023 ఆగస్టు 5న జాతీయ బైక్ రేసింగ్ పోటీల్లో పదమూడేళ్ల బాలుడు చనిపోయాడు. మిగతా పోటీలను రద్దు చేశారు. ఆ ప్రమాదంలో తప్పు ఎవరిదో మేం తీర్పు చెప్పడం లేదు. కానీ ఇప్పుడు మన పట్టణాల నుంచి కూడా పిల్లలు ఈ ఆటలోకి వస్తున్నారు. వాళ్లను పంపే తల్లిదండ్రులు బండి ఖరీదు, హెల్మెట్ నాణ్యత గురించి ఆరా తీస్తారు. ప్రతి మలుపు దగ్గరా ఎంతమంది మార్షల్స్ ఉంటారో, వాళ్లు ఎన్ని రోజులు శిక్షణ పొందారో కూడా అడగాలి. నిర్వాహకులు ఆ వివరాలను రేసుకు ముందే బయటపెట్టాలి. పోటీ ముగిశాక, ప్రమాదం జరిగినా జరగకపోయినా, ఏ జెండా ఎప్పుడు ఊపారు, అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో చేరింది అన్న నివేదికను ప్రచురించాలి. చాలినంత మంది మార్షల్స్ లేని రోజున టికెట్లు ఎన్ని అమ్ముడైనా, స్పాన్సర్లు ఎంత ఒత్తిడి తెచ్చినా రేసు మొదలుపెట్టకూడదు.

మన రోడ్ల మీద మళ్లీ రేసు జరిపే ఆలోచన ఏ ప్రభుత్వానికి ఉన్నా, అనుమతి పత్రంలో ఈ షరతులు రాసి సంతకం తీసుకోవాలి. తారు పోయించడానికి ముందే ఆ పని జరగాలి.