ముందు మామ్మగారి గది, తర్వాతే వీధి వైపు ఎలివేషన్ సోకు

మా కోనసీమలో ఇప్పుడు లేస్తున్న కొత్త ఇళ్ళలో చాలావాటిని సంక్రాంతికి వచ్చే పిల్లల కోసం కడుతున్నారు. హైదరాబాదు నుంచో, డల్లాస్ నుంచో వచ్చి భోగి, సంక్రాంతి, కనుమ గడిపి వెళ్ళేవాళ్ళకు మేడ మీద ఏసీ పడకగదులు, బాల్కనీ, గాజు రెయిలింగు. మిగతా సంవత్సరమంతా ఆ ఇంట్లోనే ఉండే డెబ్భై దాటిన ఇద్దరికి మెట్ల పక్కన ఒక గది, నిగనిగలాడే టైల్సు, గుమ్మంలో గట్టు ఉన్న బాత్రూం. దీని మీద నాకు చాలా కోపం ఉంది. పెద్ద పోస్టే అవుతుంది, అయినా ఓపికగా చదవండి.

నేను ఫిజియోథెరపిస్టుని. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి చికిత్స చేస్తాను. తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకీళ్ళు మార్పించుకున్నవాళ్ళు నా దగ్గరకు రాలేరు కాబట్టి నేనే వెళ్తాను. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఇంటిని వీధిలోంచి చూసి మెచ్చుకుంటారు. నేను మాత్రం మంచం దగ్గర నుంచి చూస్తాను. అక్కడి నుంచి బాత్రూం ఎంత దూరం, దారిలో కాలికి ఏం తగులుతుంది, తూలితే చేతికి ఏం దొరుకుతుంది అన్నవే నాకు ముఖ్యం.

పెద్దవాళ్ళకు రాత్రిపూట మంచానికీ బాత్రూంకీ మధ్య పడే ప్రమాదం బాగా ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు గబుక్కున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ళ ఎముకల్లో పటుత్వం తగ్గుతుంది. వయసులో ఉన్నప్పుడైతే నాలుగు రోజుల నొప్పితో పోయే పాటుకు అప్పుడు తుంటి విరుగుతుంది. ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే. అయినా దీపం స్విచ్చు మంచం దగ్గర ఉండదు, తలుపు దగ్గర ఉంటుంది. చీకట్లో గదంతా దాటితేగాని వెలుగు రాదు. వానాకాలంలో మన గాలిలోని తేమకు నున్నటి టైల్సు మీద చెమ్మ పడుతుంది, చూపు తగ్గిన కంటికి ఆ తడి కనిపించదు. నీళ్ళు గదిలోకి రాకూడదని బాత్రూం గుమ్మంలో రెండంగుళాల గట్టు కడతారు. పక్షవాతం వచ్చిన కాలు నేల మీద నుంచి అంగుళం లేవడమే కష్టం, అది సరిగ్గా ఆ గట్టుకే తగులుతుంది. ఇక తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం. బయటివాళ్ళు గట్టిగా తోస్తే ఆ దెబ్బ కూడా ఆమెకే.

వీటిని సరిచేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ముందే చెబితే తలుపు బయటికి తెరుచుకునేలా బిగించడం వడ్రంగికి అదనపు పని కాదు. గట్టు బదులు గుమ్మం వెంట సన్నని జాలీ కాలువ పెట్టి, నేలను లోపలి వైపుకు వాలుగా తీస్తే నీళ్ళు గదిలోకి రావు. గరుకు టైల్సు ప్రతి షాపులో ఉంటాయి, అడగాలంతే. గుమ్మం వెడల్పు మూడడుగులు ఉండాలి. మనవాళ్ళు బాత్రూంకి రెండున్నర అడుగులు వదులుతారు, అందులో చట్రం పోగా మిగిలిన సందులో వాకరును పక్కకు తిప్పి ఈడ్చాల్సి వస్తుంది, చక్రాల కుర్చీ అసలు పట్టదు. కమోడ్ మీద కూర్చునే ఎత్తు 18 అంగుళాల దగ్గర ఉంటే లేచేటప్పుడు మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. పక్క గోడకు స్టీలు కమ్మీ ఉండాలి, అది యాంకరు బోల్టులతో ఇటుకలోకి దిగాలి. రబ్బరు కప్పులతో టైలుకు అతికించేవి కొనకండి, మనిషి బరువుకు అవి ఊడిపోతాయి. తువ్వాళ్ళు వేసుకునే కడ్డీ పట్టుకుని లేవబోయి, అది చేతిలోకి ఊడొచ్చి పడినవాళ్ళకు చికిత్స చేశాను. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు కమ్మీకి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. ఆ ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎంత కాలం ఆగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక మెట్లు. ఇక్కడ తప్పంతా మనుషుల మీద వేయలేను, నేల కూడా కారణమే. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ, వైనతేయల మధ్య ఉన్న పల్లపు నేల మనది. 1986 ఆగస్టు వరదను కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, లంకల్లో ఇళ్ళు మునిగాయి. అందుకే పునాది ఎత్తుగా లేపుతారు. దానికి తోడు ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే వేస్తారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు పల్లంలో పడుతుంది, వాన కురిస్తే వీధి నీళ్ళన్నీ వాకిట్లోకే. ఆ బాధ పడ్డవాళ్ళు కొత్త ఇల్లు కట్టేటప్పుడు మెరక చేయించి రోడ్డు కంటే మూడడుగులో, నాలుగడుగులో పైన నేల మట్టం పెట్టుకుంటారు. నేను దాన్ని తప్పు పట్టను. ఎత్తు ఉండాల్సిందే.

అయితే ఆ ఎత్తు ఎక్కేది ఎవరో ఆలోచించాలి కదా! ఎనిమిదంగుళాల మెట్లు, వాటి మీద పాలిష్ గ్రానైటు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంట్లోంచి బయటపడలేక నెలల తరబడి వీధి చూడని పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఎదురింటివాళ్ళతో అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్న మనిషికి ఆ ఎదురిల్లే దూరమైపోయింది. అడిగితే కారు ఎక్కే వాలు చూపించి "ర్యాంపు ఉంది కదా మేడం" అంటారు. అది కారుకు పనికొస్తుంది. ఆ నిటారు వాలు మీద చక్రాల కుర్చీని దింపితే కూర్చున్నవాళ్ళు ముందుకు జారిపోతారు. మనుషుల కోసం కట్టే ర్యాంపుకు లెక్క ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడడుగుల పునాదికి 36 అడుగులు, మధ్యలో ఒక చోట ఆగి ఊపిరి తీసుకునే చదును ఉంటే మంచిది.

ఈ 36 అనగానే "స్థలం ఎక్కడుందండీ?" అంటారు. ఐదు సెంట్ల స్థలం తీసుకోండి. వీధి వైపు 36 అడుగులు, లోపలికి 60 అడుగులు అనుకుందాం. గోడకూ ప్రహరీకీ మధ్య ఒక పక్క నాలుగడుగుల సందు ఎలాగూ వదులుతారు. అందులో ఇప్పుడు ఖాళీ గ్యాసు బండ, విరిగిన కుర్చీలు, సున్నం డబ్బాలు ఉంటాయి. ర్యాంపును ఆ సందులోంచి తీసుకెళ్ళి పక్క తలుపుతో భోజనాల గదిలోకి కలపవచ్చు. వాననీరు పోయే కాలువను మాత్రం ప్రహరీ వెంట వదులుకోవాలి. అంత కూడా కుదరని చోట ఎత్తును రెండు ముక్కలు చేయండి. గేటు నుంచి వాకిలి దాకా నేలనే మెల్లగా లేపితే కొంత ఎత్తు అక్కడే తీరుతుంది, మిగిలినదానికి ఆరంగుళాల మెట్లు, అడుగు వెడల్పున. కమ్మీ రెండు వైపులా ఉండాలి. ఒక వైపు చాలదు, ఎందుకంటే కుడి చెయ్యి మాత్రమే పనిచేసే మనిషికి ఎక్కేటప్పుడు కుడి పక్కనున్న కమ్మీ దిగేటప్పుడు ఎడమకు వస్తుంది. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కగలిగి కూడా దిగలేక పోవడానికి కారణం ఇదే.

మేడ వద్దని నేను అనడం లేదు. 1996 నవంబరు తుపాను రాత్రి పెంకుటిళ్ళలోంచి పరుగెత్తి పక్కవాళ్ళ డాబాల్లో తలదాచుకున్న కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో. లంకల్లో పై అంతస్తు ప్రాణం కాపాడుతుంది. అందుకే ఆ మెట్లు పెద్దవాళ్ళు కూడా ఎక్కగలిగేలా ఉండాలంటున్నాను. ఇనుప గొట్టాలతో గుండ్రంగా తిప్పిన మెట్లు వరద రోజున మామ్మగారికి దేనికి పనికొస్తాయి?

పాత ఇళ్ళ గురించి కూడా చెప్పాలి. మండువా లోగిళ్ళను పడగొట్టి డూప్లెక్సులు కడుతుంటే నాకు బాధగా ఉంటుంది. మూడు తరాలు ఒకే చోట ఎలా బతకాలో ఆలోచించి కట్టిన ఇళ్ళవి. వసారాలో మంచం మీద పడుకున్న ముసలావిడకు వీధిలో ఎవరు వెళ్తున్నారో తెలిసేది, వంటింట్లో ఏం పోపు పెడుతున్నారో తెలిసేది, మనవలు ఆమె ముందు నుంచే బడికి వెళ్ళేవాళ్ళు. ఆ ఇళ్ళలో ఇబ్బందులు లేవని కాదు. గది గదికీ గడప, మండువాలోకి దిగే మెట్టు తడిసి జారుతుంది, మరుగుదొడ్డి దొడ్డి చివర ఎక్కడో. కానీ గోడలు గట్టిగా ఉంటే ఇల్లంతా పడగొట్టాల్సిన పని లేదు. వసారాను ఆనుకున్న గదికి బాత్రూం కలపండి. మండువా చుట్టూ స్తంభాల మధ్య నడుము ఎత్తులో చెక్క కమ్మీ బిగించండి. లోపలి గడపలు తీయించండి. పసుపు రాసి బొట్లు పెట్టే వీధి గడపను తీయమంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, నేనూ అడగను. దాని పక్కన గోడకు ఒక నిలువు కమ్మీ పెడితే చాలు, పట్టుకుని దాటుతారు.

కొత్త ఇంట్లో పెద్దవాళ్ళ గది ఎక్కడ ఉండాలి? నా మాట ఒక్కటే. వీధి వైపు ఉండాలి, హాలును ఆనుకుని, కిటికీతో. వెనకాల బట్టలు ఉతికే చోటు పక్కన గాలి ఆడని గది ఇచ్చి, "ప్రశాంతంగా ఉంటుంది" అని చెప్పకండి. నడవగలిగినంత కాలం వాళ్ళు మనుషుల మధ్యకు వస్తారు, నడవలేని రోజున మనుషులే వాళ్ళ కంటపడాలి. చికిత్సలో నేను నేర్పే వ్యాయామం ఎంత ముఖ్యమో, లేచి వెళ్ళడానికి ఒక కారణం ఉండటం కూడా అంతే ముఖ్యం. కిటికీలోంచి మనవడి సైకిలు కనిపిస్తే లేచే మనిషి, ఎదురుగా గోడ ఉంటే లేవదు. వంటింట్లోనూ అంతే. కత్తిపీట ముందు కింద కూర్చునే మోకాళ్ళు ఇప్పుడు లేవు, నిలబడే ఓపికా లేదు. పొయ్యి గట్టు పక్కన చిన్న బల్ల, వీపు ఆనే కుర్చీ వేయండి. చిక్కుడుకాయలు ఒలిచిపెడుతూ అత్తగారు, పొయ్యి దగ్గర కోడలు, ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా పని చేసుకుంటారు. కోడలికి తన గది తలుపు గడియ వేసుకునే ఏకాంతం కూడా కావాలి, అది అడిగిన అమ్మాయిని తప్పు పట్టకండి. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే కుటుంబం విడిపోయినట్టు కాదు. ఒకరికి ఉప్పు తగ్గించాలి, ఒకరు టిఫిను ఏడింటికే పెట్టి పిల్లల్ని పంపాలి.

రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు వెళ్ళినప్పుడు నాకు మరో రకం ఇళ్ళు కనిపిస్తాయి. తల్లి కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపని చేస్తుంటుంది. ఇక్కడ పిల్లల్ని అమ్మమ్మ పెంచుతుంది. ఆ అమ్మమ్మే నీళ్ళు తోడుతుంది, తడి బాత్రూంలో పిల్లవాడికి స్నానం చేయిస్తుంది, వాడిని చంకనేసుకుని ఆ జారే మెట్లు దిగుతుంది. ఆమె పడిందంటే వంట ఆగిపోతుంది, పిల్లల బడి ఆగిపోతుంది, అక్కడ కూతురు యజమానిని బతిమాలుకుని తిరిగి రావాలి. ఆ అమ్మాయి పంపే ప్రతి దీనారూ, రియాలూ చెమటోడ్చి సంపాదించిందే. ఆ డబ్బును ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు నాకు లేదు. చెల్లెమ్మా, ఒక్కటే అడుగుతున్నాను. ముందు పోర్టికోకి గ్రానైటు అని మేస్త్రీ అంటే, ముందు మా అమ్మ బాత్రూం అని గట్టిగా చెప్పు. పేదలకు ఇచ్చిన సెంటున్నర స్థలాల్లో కట్టుకున్నవాళ్ళకు గది ఏ వైపు అన్న ప్రశ్నే రాదు, ఉన్నదే ఒక గది. అక్కడ కూడా మూడడుగుల గుమ్మం, ఒక కమోడ్, గోడకు ఒక కమ్మీ సాధ్యమే.

నేను ఇవన్నీ చెప్పినప్పుడు ఎక్కువగా వినే మాటలు రెండు. కమ్మీలు పెడితే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందనేది ఒకటి. కొత్త ఇంట్లో రోగం రాకముందే రోగిష్టి ఏర్పాట్లేమిటి, అరిష్టం కాదా అనేది రెండోది. ఆ కమ్మీ ఏడో నెల గర్భిణికి కావాలి, కాలు బెణికిన పదో తరగతి పిల్లవాడికి కావాలి, నడక నేర్చుకునే పసివాడు కూడా దాన్నే పట్టుకుంటాడు. అరిష్టం అంటారా, తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకుని కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపిస్తారు. అప్పుడు మేస్త్రీ కోసం వెతకడం, కొత్త టైల్సు పగలగొట్టడం, సిమెంటు దుమ్ము మధ్య కుట్లతో ఉన్న మనిషిని పడుకోబెట్టడం. అన్నీ చూశాను.

"మా అమ్మ ఇంకా బాగానే తిరుగుతోందండీ" అనే అబ్బాయిలకు ఒక మాట. సంతోషం. బాగా తిరుగుతున్నప్పుడైతే ఆమె తనకేం కావాలో తానే చెప్పగలదు. ఇప్పుడు ప్లాను వాట్సాప్‌లో మీకు వస్తుంది, మీరు అక్కడ నుంచి టైల్సు రంగు ఎంచుతారు, ఇంట్లో ఉండబోయే మనిషిని ఎవరూ అడగరు. ఈసారి ఇంజనీరును అమ్మ మంచం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, ఏ మోకాలు ఎక్కువ నొప్పో, ఏ చేత్తో పట్టుకుని లేస్తారో అడగమనండి. కమోడ్ రాబోయే చోట ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడ ఆనుతుందో ఆ ఇటుక మీద సుద్దతో గుర్తు పెట్టమనండి. గోడకు ప్లాస్టరింగు కాకముందే ఈ పని అయిపోవాలి.